అమెరికా పాటలో మరియక్క ఏడుపు

అమెరికా పాటలో మరియక్క ఏడుస్తోందట.

ఈ మాట మొదట అన్నది పక్క గది కుసుమకుమారి. ఆవిడ అజ్మాన్‌లో ఉన్న ఆడపడుచుతో అంది. ఆడపడుచు తన ప్రార్థన గుంపులో అంది. ఆ గుంపులో ఒకావిడ ఉమ్ అల్ క్వైన్‌లో ఉన్న మొగుడికి చెప్పింది. ఆ మొగుడు పనిచేసే అల్యూమినియం ఫ్యాక్టరీలోనే మరియక్క భర్త జ్ఞానరాజు తమ్ముడు సిలాస్ కూడా పనిచేస్తాడు. ఇన్ని నోళ్లు తిరిగేసరికి మాటకు కాళ్లూ చేతులూ వచ్చాయి. మరియక్కను నర్సు డ్యూటీ చేసే ఇంట్లో ఎవరో కొట్టారనీ, ఏడుస్తుంటే ఫోన్లో తీసి పాటలో కలిపేశారనీ ఒకరన్నారు. అసలు మరియక్కే పోయిందనీ, అది పోయేముందు గొంతనీ ఇంకొకరన్నారు. అజ్మాన్ గుంపువాళ్లయితే ఆవిడ కుటుంబానికి ఆదరణ కలగాలని ప్రార్థన కూడా చేసేశారట.

కుసుమకుమారి మాత్రం అవేవీ కాదందట. తాను చెవులారా విన్నాననీ, అది మరియక్క చెల్లెలు రూతమ్మ పోయినప్పటి ఏడుపనీ, మరియక్క కూతురు హెప్సీ ఎవరి కడుపున పుట్టిందో కూడా అందులోనే ఉందనీ అందట, ఉమ్మడి వంటగదిలో పండుగప్ప ముక్కలు కడుగుతూ. కడిగిన చేప పేరుతో సహా చేరింది సిలాస్‌కు.

చేరిన గంటకల్లా అతను టాక్సీలో సీటు పంచుకుని అబుదాబి దారి పట్టాడు. శనివారం మధ్యాహ్నం అన్నగారి గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, "అన్నయ్యా, నిజమేనా?" అన్నాడు.

జ్ఞానరాజు తమ్ముణ్ణి లోపలికి లాగి తలుపేశాడు. వేసి ప్రయోజనమేమీ లేదు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆ విల్లాను గదులు గదులుగా విడగొట్టి, గదికో సంసారం చొప్పున అద్దెకిచ్చారు. మధ్యలో ఉన్నవి గోడలు కావు, జిప్సం పలకలు. గోడలకు చెవులుంటాయంటారు. ఈ పలకలకు నోళ్లు కూడా ఉన్నాయి.

"నిన్న నా వాన్లోనే విన్నాన్రా," అన్నాడు జ్ఞానరాజు.

అతను నర్సులను డ్యూటీ ఇళ్లకు తిప్పే వాన్ నడుపుతాడు. నిన్న సాయంత్రం వెనక సీట్లో ఒక మలయాళీ పిల్ల ఫోన్లో కొత్త పాటలేవో పెట్టుకుంది. గిటారు ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చింది అతని పెళ్లాం గొంతు. వాయిద్యం లేదు, తాళం లేదు, ఊరి చావింట్లో వినిపించినట్టే వినిపించింది. బండిని ముసఫ్ఫా రోడ్డు పక్కకు దింపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. నర్సులు గాభరాపడి బీపీ చూస్తామన్నారు. ఆ పిల్ల ఒక్కతే, అన్నయ్యా అన్నట్టు తన భాషలో పిలిచి, "అచ్చాయా, ఎంత బాగుంది కదా, ఏ భాషో తెలీదు గానీ," అంది.

ఏ భాషో జ్ఞానరాజుకు తెలుసు. అదీ కష్టం.

ఆ పాట ఇంట్లో కొత్తది కాదు. నోరీన్ కాల్డర్ అనే అమెరికా గాయని పాట ఏడాది కిందటే ఊరూవాడా మోగింది. తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, గిటారు పట్టుకుని పాడే మనిషి ఆమె. ఆ పాట వెనక ఎవరో ఆడమనిషి మూలుగుతున్నట్టు ఒక గొంతు ఉండేది. ఆ గొంతును సాగదీసి, నూతిలోంచి వస్తున్నట్టు చేశారు. అది మరియకుమారిదని మరియకుమారికి కూడా ఒళ్లు జలదరిస్తే తప్ప తెలియలేదు. తెలిశాక కూడా ఆమె ఊరుకుంది. మాటలు అర్థం కావుగా అనుకుంది.

ఈ శుక్రవారం వచ్చిన కొత్త ఆల్బమ్‌లో అలా చేయలేదు. చివరి పాటగా ఆ ఏడుపును ఏడుపుగానే పెట్టేశారు. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట కోయకుండా.

"హెప్సీ వినేసిందా?" అని అడిగాడు సిలాస్. అతను అంత దూరం వచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

వినలేదనే జ్ఞానరాజు అనుకుంటున్నాడు. పొద్దుట ఇడ్లీ తిని, వెళ్లొస్తానని చెప్పి, గిటారు భుజానేసుకుని చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లింది. విన్న పిల్ల అలా ఇడ్లీ తింటుందా. మొహం మామూలుగానే ఉంది. సాయంత్రానికి తిరిగొస్తుంది. ఈలోపల ఆ అమెరికా ఆవిడకు ఫోన్ చేసి, బతిమాలో బామాలో ఆ ముక్క తీయించేయాలి. మరియకు ఇందాకే ఫోన్లో చెప్పాడు, ఆమె డ్యూటీ దిగి వస్తోంది.

"తీయించెయ్యాలి అన్నయ్యా. ఈ రోజే ఖలాస్ చేసెయ్యాలి," అన్నాడు సిలాస్, ఫ్యాక్టరీలో ముదీర్, అంటే మేనేజరు, తనతో అనే గొంతుతో. ఎలా ఖలాస్ చేయాలో మాత్రం అతనికీ తెలియదు.

*

మరియకుమారి వచ్చేసరికి ఆ గదిలో ఇద్దరు మగాళ్లూ చెరో గోడకు ఆనుకుని, ఎవరింటికో పరామర్శకు వచ్చినవాళ్లలా కూర్చుని ఉన్నారు. ఆమె నర్సు యూనిఫారం కూడా మార్చుకోలేదు. మంచం అంచున కూర్చుని, దారిలోనే వినేశానంది. రెండుసార్లు విన్నానంది. రెండోసారి విన్నది తన గొంతు కోసం కాదనీ, చెల్లెల్ని తాను ఏమేమని పిలిచిందో చూసుకోవడానికనీ అంది.

"వదినా, అన్నీ అనేశావా అందులో?" అన్నాడు సిలాస్ మెల్లగా.

"ఏడుపులో సగం అంటారేంటి అబ్బాయ్."

కోనసీమ పల్లెల్లో అది అందరికీ తెలిసిన సంగతే. అక్కడ ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. ఊరికే కన్నీళ్లు కార్చడం కాదది. పోయిన మనిషిది ఏదేది ఉందో, ఎవరెవరు ఉన్నారో, ఏం బాకీపడి ఏం మిగిలిపోయిందో అన్నీ పేరుపేరునా చెప్పి అప్పగించాలి. ఒట్టి చేతులతో పంపకూడదు. అత్త శవం మీద పడి కోడలు, "గంజిలో ఉప్పు కూడా వెయ్యనిచ్చేదానివి కాదే అత్తా," అని ఊరంతా వినేలా ఏడుస్తుంది. లేచి ముక్కు చీదుకున్నాక ఆ మాట గురించి ఆమెను ఒక్కరూ అడగరు. మొగుడు కూడా అడగడు. ఏడుపులో అన్న మాట ఏడుపుతోనే పోతుంది. పాస్టర్లు వద్దన్నా, విశ్వాసులకు అలాంటి ఏడుపు తగదని ఆదివారాలు చెప్పినా, చావు వస్తే మాత్రం ఆ రాగం దానంతట అదే గొంతులోకి వస్తుంది.

రూతమ్మ కరోనా రెండో విడతలో ఊళ్లో పోయింది. శవం దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. విమానాలు లేవు. వరసకు తమ్ముడయ్యే నాగబాబు సమాధుల దొడ్డి గట్టు మీద నిలబడి వీడియోకాల్ పట్టుకున్నాడు. గొయ్యి దగ్గర తెల్ల సంచుల్లాంటి బట్టలేసుకున్న మగాళ్లు తప్ప, ఏడ్చే ఆడది ఒక్కతీ లేదు.

అప్పుడు మరియకుమారి నోరీన్ వాళ్ల విల్లాలో డ్యూటీలో ఉంది. పక్షవాతంతో పడిపోయిన నోరీన్ తల్లిని చూసుకునేది. కరోనా రోజులు కాబట్టి బయటకు పోవడానికి లేదు, వారాల తరబడి అక్కడే తిండీ నిద్రా. బట్టలుతికే గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, మెషిన్ మీద ఫోన్ నిలబెట్టి, తన చెల్లెల్ని తానొక్కతే సాగనంపింది.

ఇంట్లో అయితే ఆ ఏడుపు ఏడవగలిగేది కాదు. ఇంట్లో హెప్సీ ఉంది, పలకల అవతల కుసుమకుమారి ఉంది. ఈ పరాయి దేశం మొత్తం మీద నోరు విప్పి నిజం చెప్పుకోవడానికి తెలుగు రాని ఆ ఇల్లొక్కటే దొరికింది. ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంది. అక్కడే కాలు జారింది.

"ఓ నా చెల్లో... నా రూతమ్మో...
నీ కడుపున కాసిన పిందె నా వాకిట్లో పండిందే చెల్లో...
పిన్నీ అని అది పిలిస్తే పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నావే...
అమ్మా అనిపించుకోకుండానే మట్టిలోకి పోతున్నావే...
నీ హెప్సీని నీకు చూపించలేకపోతినే...
నీ పిలుపు దోచుకున్న దొంగనే చెల్లో... నేను దొంగనే..."

ఇదీ ఇప్పుడు అమెరికాలో కార్లలో వింటున్నది.

హెప్సీ పుట్టిన నాలుగో నెలలో దాని తండ్రి మొహం చాటేశాడు. రూతమ్మ ఇళ్లల్లో పనికి షార్జా వచ్చింది. చంటిదాన్ని పెట్టుకుని ఎవరింట్లో పని చేస్తుంది. అక్కాబావలకు పిల్లల్లేరు. తమ దగ్గరికి తెచ్చుకోవాలంటే తమ బిడ్డని చెప్పక తప్పలేదు. వీసా కోసం ఆడిన అబద్ధం అది. వీసా వచ్చేసినా అబద్ధం నోటికి అలవాటైపోయింది. సెలవు దొరికిన శుక్రవారమల్లా రూతమ్మ వచ్చి, హెప్సీ తల దువ్వి, రెండు జడలు వేసి, చర్చికి తీసుకెళ్లి, సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయేది. చెబుదామని ఒకసారి మరియే అంది. పిల్ల చదువు అయ్యాక చెబుదువులే అక్కా అంది రూతమ్మ. ఆ తర్వాత జబ్బుపడి ఊరెళ్లింది, అక్కడే పోయింది.

ఇప్పుడు మరియకుమారి దగ్గర పోవడానికి మిగిలింది ఒకటే. పద్దెనిమిదేళ్లుగా తనను పిలిచిన ఆ పిలుపు.

*

"ఆవిడ అడగలేదా నిన్ను? అడక్కుండా పెట్టేసుకుందా?" అన్నాడు సిలాస్. కేసు వేద్దామన్నాడు. ఎవరి మీద వేస్తావురా అంటే, మన కాన్సులేట్‌కు వెళదామన్నాడు.

"అడిగింది," అంది మరియకుమారి.

అడగడం నిజమే. మర్నాడు కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, నిన్న నువ్వు పాడుతుంటే మెట్ల మీద కూర్చుని ఫోన్లో తీసుకున్నాను, దాన్ని నా దగ్గర ఉంచుకోనా అని అడిగింది. మరియకుమారి ఓకే మేడమ్ అంది. గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసే మనిషి నోట ముందు వచ్చేదీ చివర వచ్చేదీ ఆ మాటే. బెడ్‌పాన్ తీయనా అన్నా ఓకే మేడమ్, సెలవు రద్దయిందన్నా ఓకే మేడమ్. ఉంచుకోవడమంటే ఫొటో ఉంచుకున్నట్టు ఉంచుకుంటుందనుకుంది. పాట చేసుకుంటుందని కలగనలేదు.

పాపం, పాట చేసుకునే స్థితిలో ఉందా ఆవిడ అప్పుడు. ఇరవై మూడేళ్లకే మొదటి ఆల్బమ్‌తో పైకెగిరిందట. పత్రికల మీద బొమ్మ వేశారట. రెండోది ఎవరూ వినలేదు. మూడోది రికార్డు కంపెనీవాళ్లే విడుదల చేయబోమన్నారు, చేతులు దులుపుకున్నారు. తండ్రికి అబుదాబి ఆయిల్ కంపెనీలో ఉద్యోగం, తల్లి పడిపోయింది, ఇక్కడికొచ్చి చిక్కుకుంది. స్టార్ హోటల్లో రాత్రి భోజనాల దగ్గర పాడేది. సొంత పాటలు వద్దన్నారు, అందరికీ తెలిసినవి పాడమన్నారు. ప్లేట్లోంచి తలెత్తి ఒక్కడూ చూడడు మరియా అనేది. కరోనాతో అదీ పోయింది. ఏడాది పాటు పాట రాయలేదు. గిటారు మంచం కిందికి తోసేసింది. ఆ ఏడుపు విన్న వారానికి మళ్లీ బయటకు లాగింది. తల్లి పోయాక అమెరికా వెళ్లిపోతూ పాత గిటారు ఒకటి హెప్సీకి ఇచ్చి వెళ్లింది. అప్పటి నుంచీ హెప్సీకి ఆవిడే గురువు. నోరీన్ పాటలన్నీ నేర్చుకుంది. తానూ సొంతంగా రాస్తానంటోంది.

"అంటే నీ ఏడుపు మీద లేచి నిలబడిందన్నమాట," అన్నాడు సిలాస్.

"అనకు అలాగ. ఆవిడ తల్లి నా చేతిలో పోయింది. ఆ రోజు ఆవిడ ఏడుపు నేనూ విన్నాను. మాకూ మాకూ అయిపోయింది అది."

జ్ఞానరాజు గోడ గడియారం చూశాడు. యల్లా, త్వరగా ఫోన్ చెయ్యమన్నాడు.

*

అక్కడ పొద్దుట పూట. నోరీన్ బస్సులో ఉందట. పాటలు పాడేవాళ్లు ఊరూరా బస్సులోనే తిరుగుతారనీ, బస్సులోనే పడుకుంటారనీ అంది. మన బుర్రకథవాళ్లకు లారీ, వీళ్లకు బస్సు అని గొణిగి అన్న చేత చూపు దెబ్బ తిన్నాడు సిలాస్.

నోరీన్ గొంతు సంతోషంగా ఉంది. మరియా, విన్నావా, మా వాళ్లు ఆ చివరి పాటకు నిలబడి ఏడుస్తున్నారు అంది. మరియకుమారి తన నర్సు ఇంగ్లీషును కూడగట్టుకుంది. మేడమ్, ఆ ముక్క తీసేయండి, దయచేసి ఈ రోజే తీసేయండి అంది. ఎందుకని అడిగింది నోరీన్. ఆ ఎందుకుకు మరియకుమారి దగ్గర ఇంగ్లీషు లేదు, తెలుగు కూడా లేదు. అది చావు ఏడుపు మేడమ్, చావు లేని ఇంట్లో వినిపించకూడదు అంది. అదీ నిజమే, కానీ అసలు నిజం కాదు.

 తర్వాత నోరీన్ మాట మారింది. నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పింది. కంపెనీతో మాట్లాడతాననీ, కానీ అది ఇప్పటికే లక్షల ఫోన్లలోకి వెళ్లిపోయిందనీ, వెనక్కి లాగడం తన చేతిలో లేదనీ అంది. నిన్ను బాధపెట్టాలని కాదు మరియా, మొదటి పాటలో నీ గొంతును దాచింది ఎందుకంటే నువ్వేమంటున్నావో నాకు తెలియదు, తెలియకుండా చూపించే హక్కు లేదనుకున్నాను అంది.

"ఈసారి అర్థం తెలుసుకునే పెట్టాను. హెప్సీయే రాసి పంపింది కదా."

మరియకుమారి ఫోన్‌ను చెవి నుంచి తీసి చూసింది, అవతల మాట్లాడుతున్నది ఎవరో తెలియనట్టు. మళ్లీ చెవికి ఆనించుకుంది.

"హెప్సీ ఏం రాసింది మేడమ్?"

ఈస్టర్‌కు ముందు నోరీన్ ఆ ఏడుపును హెప్సీకి పంపిందట. తెలుగు వచ్చిన వేరే ఎవరినో అడగడం ఇష్టం లేక, ఇంటి పిల్లవు నువ్వే చెప్పమని అడిగిందట. హెప్సీ రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు ప్రతి చరణానికీ ఇంగ్లీషులో అర్థం రాసి పంపింది. చదివి తాను వణికిపోయానంది నోరీన్. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను, మీ అమ్మను అడుగు అందట.

"అమ్మ ఓకే అంది, ఒక్క మాట కూడా కొయ్యొద్దు అని రాసింది మరియా. నీకు తెలుసుననుకున్నాను."

ఫోన్ స్పీకరులో ఉంది. జ్ఞానరాజుకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఆ ముక్క మాత్రం అర్థమైంది. గోడ గడియారం వైపు చూడటం మానేశాడు.  పలక అవతల కుసుమకుమారి గదిలో టీవీ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

ఓకే మేడమ్ అందో, మళ్లీ చేస్తానందో మరియకుమారికే తెలియదు. ఫోన్ ఆగిపోయింది. హెప్సీకి తెలిసి మూడు నెలలు. ఈస్టర్ నాడు ముగ్గురూ కలిసి చర్చికి వెళ్లారు. హెప్సీ పన్నెండో తరగతి ఫలితాలు వస్తే వీధిలో అందరికీ కేకు పంచారు. మరియకుమారికి మెడలో నొప్పి వస్తే హెప్సీయే బామ్ రాసింది. అన్నీ తెలిసి రాసింది.

ఉన్నట్టుండి ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఈ మధ్య అది నన్ను అమ్మా అని పిలిచిందా?"

జ్ఞానరాజు ఆలోచించాడు.  ఇదిగో అంటోంది. వింటున్నావా అంటోంది. ఫోన్ మోగుతోంది చూడు అంటోంది. నిన్న రాత్రి పప్పు అయిపోయిందా అంది. పొద్దుట వెళ్లొస్తాను అంది, వెళ్లొస్తానమ్మా అనలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ మాట రాలిపోవడం ఇద్దరికీ వినబడలేదు.

*

ఎండ వాలాక హెప్సీ వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, వరసలో పెట్టి, గిటారు గోడకు ఆనించింది. బాబాయిని చూసి, శనివారం పూట ఓవర్‌టైం లేదా బాబాయ్ అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. మంచం మీద మరియకుమారి, నేల మీద జ్ఞానరాజు. హెప్సీ ముగ్గురినీ చూసి, తానే తలుపేసింది.

"నోరీన్‌తో మాట్లాడారా?" అంది.

గొంతు మామూలుగా ఉంది. దానికే భయమేసింది సిలాస్‌కు. చిన్నపిల్లవు, ఏదో తెలియక రాసేశావు, ఇప్పుడు నువ్వే చెబితే ఆవిడ తీసేస్తుంది అని సర్దబోయాడు.

"తెలిసే రాశాను బాబాయ్. రెండు రోజులు పట్టింది. రెండో రోజు అంతా ఒక్క మాట దగ్గరే ఉన్నాను. పిలుపు దోచుకోవడం అంటే ఇంగ్లీషులో ఏమనాలో తెలియలేదు."

"ఎందుకు చెప్పలేదే మాకు?" అంది మరియకుమారి. అడిగాక ఆ ప్రశ్న ఎవరు ఎవరిని అడగాల్సిందో ఆమెకే తోచి, దుప్పటి కొస పట్టుకుంది.

హెప్సీ తొందరపడలేదు. మీరు చెబుతారని చూశాను అంది. పరీక్షలయ్యాక చెబుతారనుకుంది. ఫలితాలు వచ్చిన రోజు కేకు కోస్తూ చెబుతారనుకుంది. పుట్టినరోజు నాడైతే తప్పకుండా చెబుతారనుకుని, కూర్చుని, చివరికి నిద్రపోయింది. ఆ తర్వాతే నోరీన్‌కు కొయ్యొద్దని రాసింది. మీ నోటితో చెప్పకపోతే పాటన్నా చెబుతుందనుకుంది.

"ఊరంతా వినాలా అమ్మా దానికి?" అన్నాడు జ్ఞానరాజు. "కుసుమ విన్నది. అజ్మాన్ విన్నది. రేపు చర్చిలో మీ అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"ఏ అమ్మ నాన్నా?"

ఆ మాటకు మరియకుమారి లేచింది. కొడుతుందేమోననుకున్నాడు సిలాస్. ఆమె హెప్సీ ఎదురుగా నిలబడి, చేతులు కింద వేలాడేసి, పేషెంటు బంధువుల ముందు నిలబడ్డట్టు నిలబడింది.

"నీకోసం ఏడవలేదే నేను. దానికోసం ఏడ్చాను. బతికున్నన్నాళ్లూ దాన్ని ఒక్కళ్లూ అమ్మా అనలేదు. గోతిలో దించేటప్పుడన్నా ఎవరో ఒకళ్లు అనాలి కదా. అక్కడ ఏడ్చే ఆడది లేదు. నేను కూడా అబద్ధం ఆడి పంపితే అది ఎవరికి చెప్పుకుంటుంది? అన్నాను. నిజమంతా అన్నాను. లేచి మొహం కడుక్కుని మేడమ్ వాళ్లమ్మకు మందు వేశాను. ఇంటికొచ్చి నీ మొహం చూశాక, చెప్పేస్తే నువ్వు నా చేతిలోంచి పోతావని భయమేసింది. నేను దొంగనని నేనే అన్నాను కదా, ఇంకేం అనమంటావు?"

హెప్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవి బిగబట్టుకుంది. ఆ బిగబట్టడం అచ్చం రూతమ్మదే. సిలాస్ చూశాడు. జ్ఞానరాజు చూసి తల తిప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా చూసీ చూడనట్టు బతికిన పోలిక అది.

మెత్తబడిందనుకున్నాడు జ్ఞానరాజు. లేచి వచ్చి కూతురి భుజం మీద చెయ్యేశాడు. హెప్సీ విదిలించుకోలేదు. అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

"ఏడుపులో అన్న మాట పట్టుకోకూడదమ్మా. మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కన్నతల్లి శవం మీద పడి కూతుళ్లు ఎన్నెన్నో అంటారు. లేచాక ఎవరూ తిరిగి అడగరు. ఏడ్చారు, అయిపోయింది. అది మన కట్టుబాటు. ఇదీ అంతే అనుకో. ఖలాస్ అనుకో."

హెప్సీ అతని చెయ్యి తన భుజం మీద ఉండగానే అతని మొహంలోకి చూసింది.

"ఏడ్చినవాళ్లకు ఖలాస్ నాన్నా. మా అమ్మను పూడ్చిన రోజు, పిన్నే కదా ఏడవకని మీరు నాకు పిజ్జా తెప్పించారు."